పరుగా, పాసా? అమెరికన్ ఫుట్‌బాల్‌లో పటిష్ఠమైన రక్షణను ఛేదించే లెక్క

1986 జనవరి 26న న్యూ ఓర్లీన్స్‌లో జరిగిన 20వ సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు బంతి పట్టుకుని 11 సార్లు పరుగెత్తింది. ఆ పదకొండు ప్రయత్నాలలో కలిపి ముందుకు సాగింది కేవలం 7 గజాలు. సరిగ్గా రెండు వారాల ముందు, జనవరి 12న, ఇదే జట్టు మయామీ డాల్ఫిన్స్‌పై 59 సార్లు పరుగెత్తి, 255 గజాలు సాధించి, 31-14 తేడాతో నెగ్గి తుది పోరుకు చేరుకుంది. న్యూ ఓర్లీన్స్‌లో మాత్రం చికాగో బేర్స్ చేతిలో 46-10తో చిత్తయింది.

రెండు వారాల్లో పేట్రియట్స్ ఆటగాళ్ల సత్తా మారిపోలేదు. మారింది ఎదుట నిలిచిన రక్షణ. బలమైన రక్షణ ఎదురైనప్పుడు బంతిని చేతబట్టి పరుగెత్తాలా, గాలిలో విసిరి అందించాలా, ఈ రెండింటినీ ఏ పాళ్లలో కలపాలి అన్నది అమెరికన్ ఫుట్‌బాల్‌లో శిక్షకులను శతాబ్దానికి పైగా వేధిస్తున్న ప్రశ్న. దీనికి తరచూ వినిపించే జవాబు ‘సమతూకం’. అయితే ఆ మాటకు సగం పరుగు, సగం పాస్ అని అర్థం చెప్పుకుంటే ఈ ఆటలోని ప్రసిద్ధ విజయాల్లో చాలావాటిని వివరించడం కష్టమవుతుంది.

ఆట స్వరూపం

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం రెండు గోల్ రేఖల మధ్య 100 గజాల పొడవు ఉంటుంది. రెండు కొసలా మరో పదేసి గజాల ఎండ్ జోన్ ఉంటుంది. ఇళ్ల స్థలాలను గజాల్లో కొలిచే తెలుగువారికి ఈ కొలమానం కొత్తేమీ కాదు. ఒక్కో పక్షాన 11 మంది ఆడతారు. బంతి తమ అధీనంలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు లభిస్తాయి. వాటిని డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలోగా కనీసం 10 గజాలు ముందుకు సాగితే మళ్లీ నాలుగు అవకాశాలు దక్కుతాయి, లేకుంటే బంతి ప్రత్యర్థి పరమవుతుంది. బంతితో ఎండ్ జోన్ చేరితే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. గోల్ స్తంభాల మధ్యగా బంతిని తన్నితే ఫీల్డ్ గోల్, దానికి 3 పాయింట్లు.

పరుగు అనగానే మన పాఠకులకు క్రికెట్ స్కోరు స్ఫురిస్తుంది. ఇక్కడ పరుగు స్కోరు కాదు, ఒక ఎత్తుగడ. దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతిని వెనుక నిలబడిన రన్నింగ్ బ్యాక్ చేతికిస్తాడు. అతడు సహచరులు తెరిచిన సందులోంచి దూసుకుపోతాడు. పాస్ అంటే క్వార్టర్‌బ్యాక్ బంతిని ముందుకు విసరడం, దూరంగా పరుగెత్తే రిసీవర్ దాన్ని అందుకోవడం. ముందుకు విసిరే హక్కు ఆటకు పుట్టుకతో వచ్చింది కాదు. 1906లో నిబంధనలు సవరించాకే అది చట్టబద్ధమైంది.

ఈ రెండు మార్గాల స్వభావాలు వేరు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో, అంటే ఎన్ఎఫ్ఎల్‌లో, ఒక పరుగుకు సగటున నాలుగున్నర గజాలకు కాస్త అటూఇటుగా, ఒక పాస్ ప్రయత్నానికి సుమారు ఏడు గజాలు దక్కుతాయి. ఆ లెక్కే అంతిమమైతే పరుగెత్తే అవసరమే ఉండదు. కానీ మూడు పాస్‌లలో దాదాపు ఒకటి ఎవరి చేతికీ చిక్కకుండా నేలపాలవుతుంది. కొన్ని ప్రత్యర్థి చేతిలో పడతాయి. కొన్నిసార్లు విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టేస్తారు. దాన్ని శాక్ అంటారు. గడియారం విషయంలోనూ తేడా ఉంది. నేలపాలైన పాస్ గడియారాన్ని ఆపుతుంది, మైదానం లోపలే ముగిసిన పరుగు దాన్ని నడవనిస్తుంది. ఆధిక్యంలో ఉన్న జట్టుకు పరుగు, వెనుకబడిన జట్టుకు పాస్ అక్కరకు వచ్చేది ఇందుకే.

తొమ్మిది మంది, పదకొండు మంది

పరుగును ఆపడం రక్షణకు ఎందుకు సాధ్యమవుతుందో తెలియాలంటే చిన్న కూడిక చాలు. దాడి పక్షాన ఉన్న 11 మందిలో ఒకడు బంతి పట్టుకుని పరుగెత్తుతాడు. బంతిని అతడి చేతికిచ్చిన క్వార్టర్‌బ్యాక్ సాధారణంగా ఎవరినీ అడ్డుకోడు. మిగిలింది తొమ్మిది మంది. రక్షణ పక్షాన మాత్రం 11 మందీ బంతి వైపు రావచ్చు. రిసీవర్లను మైదానం అంచుల దాకా విస్తరింపజేస్తే వారి వెంట కొందరు రక్షకులు కూడా బయటికి పోక తప్పదు. మధ్యలో, బంతికి దగ్గరగా మిగిలే జాగాను ఆటగాళ్ల భాషలో బాక్స్ అంటారు. దాడి పక్షాన అడ్డుకునేవారు ఆరుగురో ఏడుగురో ఉండి, బాక్స్‌లో రక్షకులు ఎనిమిది మంది ఉంటే, ఒక్కడైనా ఎవరి అడ్డూ లేకుండా మిగిలిపోతాడు. అతడే పరుగును పడగొడతాడు.

అయితే బాక్స్‌లోకి ఎనిమిదో మనిషి వచ్చాడంటే వెనుక ఒకడు తగ్గాడన్నమాట. మైదానం లోతున కాపలా కాసే సేఫ్టీలు ఇద్దరికి బదులు ఒక్కడే మిగులుతాడు. అంచున ఉన్న రిసీవర్‌ను ఒక్క కార్నర్‌బ్యాక్ ఏ సాయమూ లేకుండా ఎదుర్కోవాల్సి వస్తుంది. పాస్‌కు అదే అదను. సేఫ్టీలు ఇద్దరూ వెనక్కు తగ్గి పొడవైన పాస్‌లను మూసేస్తే బాక్స్ పలచబడుతుంది. అప్పుడు పరుగుకు దారి ఏర్పడుతుంది. రక్షణ రెండు చోట్లా ఒకేసారి బలంగా ఉండలేదు. సమతూకం గురించిన చర్చ అంతా ఈ ఒక్క వాస్తవం చుట్టూనే తిరుగుతుంది.

కొన్ని రక్షణ శ్రేణులు మాత్రం ఈ కూడికను తలకిందులు చేస్తాయి. ముందు వరుసలోని నలుగురే క్వార్టర్‌బ్యాక్‌ను చుట్టుముట్టగలిగితే మిగిలిన ఏడుగురూ పాస్‌లను కాపాడుకోవచ్చు. అటువంటి రక్షణనే నిజంగా బలమైనదిగా చెప్పాలి. దానికి ఎదురుగా ఏ మార్గమూ తేలికగా తెరుచుకోదు.

ఒకే రక్షణకు మూడు జవాబులు

1985 నాటి చికాగో బేర్స్ రక్షణ ఈ చర్చకు ఇప్పటికీ కొలబద్దగా నిలుస్తోంది. బడ్డీ రయాన్ తీర్చిదిద్దిన ఆ వ్యూహం పేరు ‘46’. అది ఆటగాళ్ల అమరికను సూచించే సంఖ్య కాదు. ఆ వ్యూహంలో కీలక పాత్ర పోషించిన డగ్ ప్లాంక్ అనే సేఫ్టీ చొక్కా మీది అంకె. దాడి వరుసలోని సెంటర్‌కు, ఇద్దరు గార్డులకు ఎదురుగా ముగ్గురు బలవంతులను నిలిపి, మరికొందరిని ఒక పక్కకు కిక్కిరిపించి, మొత్తం ఎనిమిది మందిని బంతికి చేరువగా మోహరించడం దీని సారం. ఎవరు మీదికి దూకుతారో, ఎవరు వెనక్కు తగ్గుతారో ఎదుటివారికి చివరి క్షణం దాకా అంతుపట్టదు. ఆ సీజన్‌లో 16 మ్యాచ్‌లలో బేర్స్ సమర్పించుకున్నవి 198 పాయింట్లే.

నాకౌట్ దశలో లాస్ ఏంజెలిస్ రామ్స్ పరుగునే నమ్ముకుని వచ్చింది. ఆ జట్టు రన్నింగ్ బ్యాక్ ఎరిక్ డికర్సన్ అంతకు ముందు మ్యాచ్‌లో డల్లస్‌పై 248 గజాలు పరుగెత్తాడు. చికాగోలో అతడికి దక్కింది 46 గజాలు. బంతి కూడా రెండుసార్లు చేజారింది. పరుగు మూసుకుపోయాక పాస్‌తో బెదిరించే శక్తి ఆ జట్టుకు లేకపోయింది. క్వార్టర్‌బ్యాక్ డీటర్ బ్రాక్ 31 సార్లు విసిరితే 10 మాత్రమే సహచరులకు అందాయి. వాటితో వచ్చినవి 66 గజాలు. ఫలితం 24-0. పరుగు ఒక్కటే వచ్చిన జట్టుకు బలమైన రక్షణ ముందు రెండో మార్గం ఉండదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

తుది పోరులో పేట్రియట్స్ శిక్షకుడు రేమండ్ బెర్రీ రామ్స్‌కు పట్టిన గతిని గమనించే ఉంటారు. ఆయన జట్టు తొలి నిమిషాల్లోనే పాస్‌కు దిగింది. బేర్స్ బంతి జారవిడవడంతో పేట్రియట్స్‌కు ఎండ్ జోన్‌కు 19 గజాల దూరంలోనే అవకాశం చిక్కింది. వరుసగా మూడు పాస్‌లు విసిరారు. మూడూ నేలపాలయ్యాయి. ఒక ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నారు. ఆ 3-0 ఆధిక్యమే ఆ రోజు వారికి దక్కిన చివరి సంతోషం. క్వార్టర్‌బ్యాక్ టోనీ ఈసన్ విసిరిన ఆరు పాస్‌లలో ఒక్కటీ ఎవరికీ అందలేదు. మూడుసార్లు అతడిని నేలకూల్చారు. రెండో క్వార్టర్‌లోనే అతడి స్థానంలో స్టీవ్ గ్రోగన్ వచ్చాడు. మ్యాచ్ ముగిసేసరికి పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్‌లను బేర్స్ పడగొట్టిన సంఖ్య ఏడు. బేర్స్ ముందు వరుస ఆటగాడు రిచర్డ్ డెంట్‌కు అత్యుత్తమ ఆటగాడి పురస్కారం దక్కింది.

పరుగు జట్టు పాస్‌కు మారడమే తప్పు అని ఈ ఓటమిని చదవడం పొరపాటు. మారిన తీరులో లోపం ఉంది. అప్పటిదాకా నమ్ముకున్న పరుగును రక్షణ ఇంకా పరీక్షించకముందే పక్కన పెట్టారు. నిదానంగా వెనక్కు తగ్గి విసిరే పాస్‌లను ఎంచుకున్నారు. క్వార్టర్‌బ్యాక్‌ను వేటాడటమే పనిగా పెట్టుకున్న రక్షణకు ఇంతకన్నా అనుకూలమైన ఆట ఉండదు.

ఆ సీజన్‌లో బేర్స్‌ను ఓడించిన జట్టు ఒక్కటే. 1985 డిసెంబర్ 2న మయామీలో డాల్ఫిన్స్ 38-24తో గెలిచింది. అప్పటికి బేర్స్ వరుసగా 12 మ్యాచ్‌లు నెగ్గింది. 1972లో ఒక్క ఓటమి లేకుండా సీజన్ ముగించిన ఘనత డాల్ఫిన్స్‌ది. ఆ జట్టు మాజీ ఆటగాళ్లు పక్కన నిలబడి ఈ మ్యాచ్ చూశారు. శిక్షకుడు డాన్ షూలా, క్వార్టర్‌బ్యాక్ డాన్ మారినో చేసిన పని వినడానికి సరళం. ముగ్గురు రిసీవర్లను దింపారు. వారిలో నాట్ మూర్‌ను మధ్యకు చేరువగా నిలిపారు. ‘46’ వ్యూహంలో బాక్స్‌లోకి వచ్చిన ఎనిమిది మందిలో ఒకడు, అది లైన్‌బ్యాకరైనా సేఫ్టీ అయినా, వేగవంతుడైన మూర్ వెంట పరుగెత్తాల్సి వచ్చింది. మారినో బంతిని ఎక్కువసేపు చేతిలో ఉంచుకోలేదు. అవసరమైనప్పుడు పక్కకు జరిగి విసిరాడు. రక్షకులు అతడి వద్దకు చేరేలోగానే బంతి గాలిలో ఉండేది. తొలి అర్ధభాగం ముగిసేసరికి స్కోరు 31-10. మారినో 270 గజాలు, మూడు టచ్‌డౌన్‌లు సాధించాడు.

అదృష్టం పాలు కూడా ఉంది. అతడు విసిరిన ఒక బంతి బేర్స్ ఆటగాడు డాన్ హాంప్టన్ శిరస్త్రాణానికి తగిలి ఎగిరి, డాల్ఫిన్స్ రిసీవర్ మార్క్ క్లేటన్ చేతిలో పడి టచ్‌డౌన్ అయింది. దాన్ని ఏ వ్యూహకర్తా కాగితం మీద గీయలేడు. అయినా డాల్ఫిన్స్ విజయాన్ని అదృష్టంగా కొట్టివేయలేం. రక్షణలోని బలవంతులను వారి బలం పనికిరాని చోటికి నడిపించడం ఆ రాత్రి జరిగిన అసలు పని. ఆ మ్యాచ్‌లో పరుగు, పాస్ సంఖ్యల్లో సమానం కావు. సమతూకం ఆటగాళ్ల అమరికలో ఉంది, సంఖ్యలో లేదు.

రక్షణ వేసే ఎర

ఏ మార్గం ఎంచుకోవాలన్నది దాడి పక్షం చేతిలోనే ఉందనుకోవడం కూడా సగం నిజమే. కొన్నిసార్లు రక్షణే ఒక మార్గాన్ని కావాలని తెరిచి పెడుతుంది.

1991 జనవరి 27న ఫ్లోరిడాలోని టాంపాలో 25వ సూపర్ బౌల్ జరిగింది. విరామం లేకుండా వేగంగా ఆడుతూ పాస్‌లతో చెలరేగే బఫెలో బిల్స్ అంతకు ముందు మ్యాచ్‌లో 51-3తో నెగ్గి వచ్చింది. న్యూయార్క్ జెయింట్స్ రక్షణ శిక్షకుడు బిల్ బెలిచిక్ ఎంచుకున్న మార్గం అప్పట్లో ఆయన ఆటగాళ్లకే మింగుడుపడలేదు. బిల్స్ రన్నింగ్ బ్యాక్ థర్మన్ థామస్ వంద గజాలు పరుగెత్తినా ఫర్వాలేదని, అదే తమకు కావాలని ఆయన వారికి చెప్పారు. ముందు వరుసలో మనుషులను తగ్గించి, వెనుక పాస్‌లను కాచేవారిని పెంచారు. బాక్స్ పలచగా కనిపించింది. థామస్ 15 సార్లు పరుగెత్తి 135 గజాలు సాధించాడు. అయినా బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జిమ్ కెల్లీ 30 సార్లు విసరడం మానలేదు. పరుగుకు సగటున తొమ్మిది గజాలు వస్తున్నా తమకు అలవాటైన పాస్‌ను వదులుకోలేకపోవడం ఆ జట్టు బలహీనత. రక్షణ ఊహించినదీ అదే.

మైదానానికి రెండో వైపున జెయింట్స్ దాడి పరుగును మరో ప్రయోజనానికి వాడుకుంది. మూడో క్వార్టర్‌లో 14 ఎత్తుగడలతో 75 గజాలు సాగుతూ 9 నిమిషాల 29 సెకన్ల పాటు బంతిని తన వద్దే ఉంచుకుని టచ్‌డౌన్ సాధించింది. మొత్తం 60 నిమిషాలలో బంతి జెయింట్స్ వద్ద ఉన్న సమయం 40 నిమిషాల 33 సెకన్లు. ఓటిస్ ఆండర్సన్ 21 పరుగులతో 102 గజాలు సాధించి అత్యుత్తమ ఆటగాడయ్యాడు. క్వార్టర్‌బ్యాక్ జెఫ్ హాస్టెట్లర్ విసిరిన 32 పాస్‌లలో 20 అందాయి. ఎదుటి జట్టు దాడిని మైదానం బయటే కూర్చోబెట్టడం కూడా ఒక రక్షణేనని ఆ మ్యాచ్ నిరూపించింది. చివరి క్షణాల్లో బిల్స్ ఆటగాడు స్కాట్ నార్వుడ్ 47 గజాల దూరం నుంచి తన్నిన బంతి స్తంభాలకు కుడివైపుగా పోయింది. జెయింట్స్ 20-19తో గట్టెక్కింది.

ఒకే జట్టు, మూడు రూపాలు

అదే బెలిచిక్ తరువాతి కాలంలో పేట్రియట్స్ ప్రధాన శిక్షకుడయ్యారు. 2015 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆయన జట్టు మూడు మ్యాచ్‌లలో కనబరిచిన తీరు ‘సమతూకం’ అనే మాటకు బహుశా అత్యంత స్పష్టమైన నిర్వచనం. బాల్టిమోర్ రేవెన్స్‌తో మ్యాచ్‌లో టామ్ బ్రేడీ 50 పాస్‌లు విసిరాడు. జట్టు పరుగెత్తింది 13 సార్లు, సాధించింది 14 గజాలు. గెలుపు 35-31. వారం తిరిగేసరికి ఇండియానాపొలిస్ కోల్ట్స్‌పై లగారెట్ బ్లౌంట్ ఒక్కడే 30 సార్లు పరుగెత్తి 148 గజాలు, మూడు టచ్‌డౌన్‌లు సాధించాడు. గెలుపు 45-7. తుది పోరులో మళ్లీ పాస్. ఫిబ్రవరి 1న అరిజోనాలోని గ్లెండేల్‌లో సియాటిల్ సీహాక్స్‌పై బ్రేడీ మళ్లీ 50 సార్లు విసిరాడు. 37 అందాయి, 328 గజాలు, నాలుగు టచ్‌డౌన్‌లు. రెండు మాత్రం ప్రత్యర్థుల చేతిలో పడ్డాయి.

సీహాక్స్ అప్పటికి దేశంలో అత్యంత భయంకరమైన వెనుక రక్షణ కలిగిన జట్టు. పాస్‌లను మూసేయడంలో దిట్ట. అటువంటి జట్టుపై 50 పాస్‌లు విసరడం మొండితనంలా తోస్తుంది. వాటిలో అధికభాగం పొట్టి పాస్‌లు కావడమే ఇందులోని కిటుకు. రన్నింగ్ బ్యాక్ షేన్ వెరీన్ బంతిని 11 సార్లు అందుకుని 64 గజాలు తెచ్చాడు. ఒక్కోసారి ఆరు గజాలు కూడా లేదు. అంటే ఇది పాస్ రూపంలో ఉన్న పరుగు. చిన్న చిన్న దూరాలు నమ్మకంగా సంపాదించడానికి, గడియారాన్ని నడిపించడానికి పరుగు చేసే పనినే ఈ పాస్‌లు చేశాయి. ఈ ఆలోచనకు మూలం 1970లో సిన్సినాటిలో సహాయ శిక్షకుడిగా ఉన్న బిల్ వాల్ష్ వద్ద కనిపిస్తుంది. అందుబాటులో ఉన్న క్వార్టర్‌బ్యాక్ వర్జిల్ కార్టర్‌కు దూరం విసిరే బలం లేదు. గురి ఉంది. అందుకని మైదానం వెడల్పును వాడుకునే పొట్టి పాస్‌లను వాల్ష్ రూపొందించారు. తరువాత శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్‌కు మూడు సూపర్ బౌల్‌లు సాధించిపెట్టిన విధానం దాని నుంచే ఎదిగింది.

సీహాక్స్ మూడు క్వార్టర్లు ముగిసేసరికి 24-14తో ముందుంది. ఆఖరి క్వార్టర్‌లో బ్రేడీ రెండు టచ్‌డౌన్‌లతో జట్టును 28-24 ఆధిక్యంలోకి తెచ్చాడు. అప్పుడు వచ్చింది ఆ ఒక్క గజం.

మిగిలిన గజం

సీహాక్స్ ఎదురుదాడికి దిగి, ఎండ్ జోన్‌కు ఒక్క గజం దూరంలోకి చేరింది. రెండో డౌన్. దాదాపు 26 సెకన్లు మిగిలి ఉండగా బంతి ఆటలోకి వచ్చింది. ఆ రోజు 24 పరుగులతో 102 గజాలు సాధించిన మార్షాన్ లించ్ సిద్ధంగా ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ మాత్రం రికార్డో లాకెట్ వైపు విసిరాడు. పేట్రియట్స్ కార్నర్‌బ్యాక్ మాల్కమ్ బట్లర్ ముందే పసిగట్టి దూసుకొచ్చి బంతిని తన్నుకుపోయాడు. ఆట అక్కడితో ముగిసినట్టయింది.

శిక్షకుడు పీట్ కరోల్ నిర్ణయాన్ని దుయ్యబట్టనివారు అమెరికాలో అరుదు. అయినా ఆ నిర్ణయానికి తర్కం లేకపోలేదు. సీహాక్స్ వద్ద ఒకే టైమ్‌అవుట్ మిగిలింది. పరుగెత్తి విఫలమైతే గడియారం నడుస్తూనే ఉంటుంది. అందని పాస్ గడియారాన్ని ఆపుతుంది, మరో రెండు ప్రయత్నాలకు వీలు మిగులుతుంది. పరుగును ఆపడానికి పేట్రియట్స్ భారీకాయులను బరిలో దింపింది. ఆ లెక్కన పాస్ సమంజసమే. తప్పు పట్టాల్సి వస్తే ఎంచుకున్న పాస్ రకాన్ని తప్పుపట్టవచ్చు. జనసమ్మర్దం మధ్యకు, ఒక్క క్షణం ఆలస్యమైనా ప్రత్యర్థి చేతికి చిక్కే దారిలో విసిరారు. ఫలితం చేదైనంత మాత్రాన నిర్ణయం తెలివితక్కువది కాదన్న వాదనకు ఈ ఒక్క ఎత్తుగడ ఇప్పటికీ ఉదాహరణగా నిలుస్తోంది. సియాటిల్ అభిమానులు మాత్రం ఆ వాదనను ఒప్పుకోరు.

ఎక్కువ పరుగెత్తితే గెలుస్తారా?

గెలిచిన జట్ల గణాంకాలు చూస్తే అవి ఎక్కువసార్లు పరుగెత్తినట్టు కనిపిస్తుంది. దీన్ని చూసి, పరుగెత్తడం వల్లే గెలిచారని టీవీ వ్యాఖ్యాతలు చాలాకాలం చెబుతూ వచ్చారు. కార్యకారణాలు ఇక్కడ తారుమారయ్యాయి. ముందంజలో ఉన్న జట్టు గడియారాన్ని కరిగించడానికి ఆఖర్లో పరుగెత్తుతుంది. వెనుకబడిన జట్టు గత్యంతరం లేక విసురుతుంది. అంటే గెలుపు వల్ల పరుగులు పెరుగుతున్నాయి.

గణిత శాస్త్రం ఈ సమస్యను మరోలా చూస్తుంది. ఇద్దరు ప్రత్యర్థులలో ఒకరి లాభం మరొకరి నష్టమైనప్పుడు, ఇరువురూ తమ ఎత్తుగడలను ఎదుటివారు ఊహించలేనట్టు కలగలపాలని జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో నిరూపించిన సిద్ధాంతం నుంచి తేలుతుంది. ఆ మిశ్రమం సరైన పాళ్లలో ఉంటే పరుగు వల్లా, పాస్ వల్లా వచ్చే సగటు ఫలితం సమానం కావాలి. ఒకటి మెరుగ్గా ఉంటే దాన్ని మరికొంత వాడాల్సిందే. ఎన్ఎఫ్ఎల్ జట్ల ఎత్తుగడలను పరిశీలించిన ఆర్థికవేత్తలు కెనెత్ కోవాష్, స్టీవెన్ లెవిట్ 2009లో రెండు లోపాలను ఎత్తిచూపారు. జట్లు విసరాల్సినంతగా విసరడం లేదన్నది మొదటిది. ఒక ఎత్తుగడ విఫలమయ్యాక వెంటనే రెండోదానికి మారే అలవాటు ఎక్కువగా ఉందన్నది రెండోది. ఇప్పుడే పరుగెత్తాం కాబట్టి ఈసారి విసురుదాం అనే ఆలోచన శిక్షకుడికి సమతూకంగా తోస్తుంది. ఎదుటి పక్షానికి అది పసిగట్టదగిన అలవాటు.

పరుగు నటించి విసిరే ప్లే యాక్షన్ అనే ఎత్తుగడ విషయంలోనూ పాత నమ్మకం ఒకటి సడలింది. ముందు బాగా పరుగెత్తితేనే ఆ నటనకు రక్షకులు మోసపోతారని శిక్షకులు భావించేవారు. ఎన్నిసార్లు పరుగెత్తారన్నదానితో ఆ ఎత్తుగడ సాఫల్యానికి చెప్పుకోదగ్గ సంబంధం లేదని ఇటీవలి విశ్లేషణలు సూచిస్తున్నాయి. పరుగు ఆనవాలు కనిపించగానే ముందుకు కదలడం లైన్‌బ్యాకర్లకు సాధనతో అబ్బిన అలవాటు. ఆ రోజు స్కోరు ఎంతన్నది వారి కాళ్లకు తెలియదు.

2025: బలానికి ఎదురైన తెలివి

2025 ఫిబ్రవరి 9న న్యూ ఓర్లీన్స్‌లోనే జరిగిన 59వ సూపర్ బౌల్ ఈ కథకు కొత్త అధ్యాయం. ఫిలడెల్ఫియా ఈగల్స్ రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్లీ ఆ లీగ్ దశలో 2,005 గజాలు పరుగెత్తాడు. కాన్సాస్ సిటీ చీఫ్స్ అతడిని కట్టడి చేయడానికే బరిలో దిగింది, కట్టడి చేసింది కూడా. 25 పరుగుల్లో అతడికి దక్కినవి 57 గజాలు. అయినా ఈగల్స్ 40-22తో గెలిచింది.

బార్క్లీ చుట్టూ చేరిన రక్షకులు మిగిలిన చోట్ల ఖాళీలు వదిలారు. క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ 22 పాస్‌లలో 17 అందించి 221 గజాలు రాబట్టాడు. స్వయంగా పరుగెత్తి మరో 72 గజాలు సాధించాడు. క్వార్టర్‌బ్యాక్ కూడా పరుగెత్తితే పైన చెప్పుకున్న కూడిక మారిపోతుంది. బంతిని ఇతరులకు ఇవ్వాల్సిన పనిలేదు కాబట్టి తొమ్మిది మంది స్థానంలో పది మంది అడ్డుకునేవారు లభిస్తారు. బార్క్లీ 25 పరుగులు వృథా కాలేదనడం ఇందువల్లే. గజాల పట్టికలో కనిపించని చాకిరీ అది.

చీఫ్స్ పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. విక్ ఫాంజియో నడిపిన ఈగల్స్ రక్షణ ఒక్కసారి కూడా అదనపు మనిషిని దాడికి పంపకుండానే పాట్రిక్ మహోమ్స్‌ను ఆరుసార్లు నేలకూల్చింది. నలుగురితోనే ఒత్తిడి తెచ్చి, ఏడుగురితో వెనుక కాపలా కాసింది. ఇటువంటి రక్షణపై పరుగెత్తి ముందు వరుసను కొంతైనా నిలువరించాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. చీఫ్స్ మొత్తం 11 సార్లే పరుగెత్తి 49 గజాలు సాధించింది. వాటిలో సగానికి పైగా మహోమ్స్ సొంతంగా తెచ్చినవే. తొలి అర్ధభాగానికే 24-0తో వెనుకబడ్డాక గడియారం వారికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. పరుగును వదిలేయడం ఓటమికి కారణమా, ఫలితమా అని అడిగితే రెండూ కొంత మేరకు నిజమే.

భారతీయ పాఠకులకు ఈ లెక్కలు త్వరలో మరో రూపంలో ఎదురుకానున్నాయి. 2028లో లాస్ ఏంజెలిస్‌లో జరిగే ఒలింపిక్స్‌లో క్రికెట్‌తో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు కూడా చోటు దక్కింది. ప్రత్యర్థిని పడగొట్టే బదులు నడుముకు వేలాడే గుడ్డ పట్టీని లాగేసే ఆట ఇది. ఒక్కో పక్షాన ఐదుగురే ఉంటారు. అందులో గోల్ రేఖకు ముందున్న ఐదు గజాల పరిధిలో పరుగెత్తి ముందుకు సాగడాన్ని నిబంధనలే నిషేధిస్తాయి. ఆ చివరి గజాల్లో పాస్ ఒక్కటే మార్గమని రక్షణకు కూడా ముందే తెలుసు.